గుట్టకు లీజు ఇచ్చే ముందు మా గ్రామసభను అడగండి: గనుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర గనులు, భూగర్భ వనరుల శాఖ మంత్రి గారికి,

నల్లగొండ జిల్లాకు పడమటి వైపు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు మండలాలున్న పట్టీలోని ఒక ఊరి నుంచి ఈ లేఖ రాస్తున్నాం. ఊరి పేరు, సర్వే నంబర్లు, దరఖాస్తుల నకళ్లు మీ పేషీకి విడిగా పంపిన కాపీలో ఉన్నాయి. ఇక్కడ కావాలనే రాయలేదు. ఊళ్లో కొందరు రోడ్డు పక్క పొలాలను క్రషర్ వాళ్లకు కౌలుకివ్వడానికి మాట్లాడుకుంటున్నారు. వాళ్లూ మావాళ్లే. వాళ్లను బజారుకీడ్చే ఉద్దేశం మాకు లేదు.

మా ఊరికి ఉత్తరాన ఉన్న గుట్ట మీద కంకర క్వారీకి, గుట్ట కిందే క్రషర్‌కు దరఖాస్తులు పడ్డాయి. క్వారీ లీజులు ఒకటి కాదు, మూడు అడిగారు. మూడూ పక్కపక్కనే. మూడింటి పేర్లు వేరు, విస్తీర్ణం మాత్రం అన్నిటికీ ఒకే తీరు. ఒక్కొక్కటి ఐదు హెక్టార్లకు వెంట్రుకవాసి తక్కువ. మా లెక్కలో ఐదు హెక్టార్లంటే 12 ఎకరాల 14 గుంటలు. మూడు దరఖాస్తులూ ఆ గీత దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. గుట్ట కొలతలు అలా కుదిరాయని మీరు నమ్ముతారా? మేమైతే నమ్మలేదు.

ఆ గీత ఏమిటో మీకు తెలుసు. మాకు ఈ మధ్యే తెలిసింది. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్, దానికి తర్వాత వచ్చిన సవరణల ప్రకారం ఐదు హెక్టార్లు దాటితే పర్యావరణ ప్రభావ నివేదిక తయారు చేయాలి, ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. దాటకపోతే ఆ బాధ ఉండదు. 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చిన్న లీజులకు కూడా పర్యావరణ అనుమతి ఉండాల్సిందే అని చెప్పింది కూడా పెద్ద లీజును ఇలా చిన్న ముక్కలు చేసే పద్ధతిని చూసే. అక్కడ అది హర్యానా, ఇక్కడ మా గుట్ట.

అయితే 2016లో కేంద్రం ఇంకో నిబంధన కూడా తెచ్చింది. ఒకే రకం ఖనిజం ఉన్న చోట ఒక లీజు అంచు నుంచి ఇంకో లీజు అంచుకు 500 మీటర్ల కంటే తక్కువ దూరం ఉంటే ఆ లీజులన్నిటినీ కలిపి ఒక క్లస్టర్‌గా చూడాలి. కలిపిన విస్తీర్ణం ఐదు హెక్టార్లు దాటితే ప్రజాభిప్రాయ సేకరణ తప్పదు. మా గుట్ట మీది మూడు దరఖాస్తుల మధ్య 500 మీటర్లు కాదు కదా, గొర్రెలు పోయే బాట కూడా లేదు. సరిహద్దు రాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. మూడూ కలిపితే దాదాపు 37 ఎకరాలు. మరి మూడు ఫైళ్లూ విడివిడిగా ఎందుకు నడుస్తున్నాయి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వస్తే ఈ లేఖలో సగం అవసరం తీరినట్టే.

మేము రాయికి వ్యతిరేకం కాదు సార్. మా ఇళ్ల పునాదుల్లో ఉన్నది ఈ గుట్ట రాయే. మా ఊళ్లోని వడ్డెర కుటుంబాలు తాతల కాలం నుంచి సుత్తె, సమ్మెట పట్టుకుని గుట్ట అంచున కడీలు, బండలు కొట్టుకుని బతికాయి. హైదరాబాద్ ఎటు పెరుగుతోందో చౌటుప్పల్ దాకా వెళ్లి వచ్చే ప్రతివాడికీ కనపడుతుంది. రేపు ట్రిపుల్ ఆర్ (హైదరాబాద్ చుట్టూ వేసే రీజినల్ రింగ్ రోడ్డు) పనులు మొదలైతే కంకర ఎన్ని వేల లారీలు కావాలో మేమూ ఊహించగలం. ఆ కంకర ఆకాశం నుంచి రాలదు, ఏదో ఒక గుట్ట కరగాల్సిందే. మా పేచీ అంతా ఏ గుట్ట, ఎంత మేర, ఏ షరతుల మీద అని తేల్చే చోట మా ఊరి మాటకు చోటు లేకపోవడం గురించి.

ఫైల్లో పంచాయతీ మాట ఉంది కదా అంటారు. ఉంది. సమాచార హక్కు కింద అడిగితే ఆ కాగితం (ఎన్‌ఓసీ అంటారట) మా చేతికొచ్చింది. ‘గ్రామ పంచాయతీకి ఎటువంటి అభ్యంతరమూ లేదు’ అని రెండు వాక్యాలు, కింద ఒక సంతకం, ఒక స్టాంపు. ఆ కాగితం మీది తేదీ మీరు ఒకసారి చూడాలి. 2024 ఫిబ్రవరి మొదట్లో రాష్ట్రమంతా సర్పంచుల గడువు అయిపోయింది. 2025 డిసెంబరులో మూడు విడతల ఎన్నికలు జరిగేదాకా ఊళ్లన్నీ ప్రత్యేకాధికారుల చేతిలోనే ఉన్నాయి. మా ‘అభ్యంతరం లేదు’ ఆ మధ్యలో పుట్టింది. అప్పుడు మాకు సర్పంచి లేడు, వార్డు సభ్యులు లేరు. సంతకం పెట్టిన అధికారికి మా ఊరితో పాటు వేరే ఊళ్లూ ఉన్నాయి, సొంత శాఖ పని ఎలాగూ ఉంది. ఆయన్ని తప్పుపట్టాలని ఇది రాయడం లేదు. ఎవరో ముందు పెట్టారు, ఆయన సంతకం పెట్టి ఉంటారు. కానీ ఆ సంతకాన్ని ఊరి సమ్మతి అని పిలవడం మాత్రం అన్యాయం. దానికి ముందు గ్రామసభ జరిగినట్టు డప్పు చాటింపు మేమెవరం వినలేదు, రిజిస్టరులో మా వేలిముద్రలు లేవు.

ఎన్నికలయ్యాక కొత్త పాలకవర్గం చేసిన మొదటి పనుల్లో ఒకటి గ్రామసభ పెట్టి ఈ విషయం చర్చకు తేవడం. క్వారీ వద్దని తీర్మానం అయింది. దాన్ని తీసుకుని ఆఫీసుకు వెళ్తే, “ఒకసారి ఎన్‌ఓసీ ఇచ్చాక వెనక్కి ఎట్ల తీసుకుంటరు?” అన్నారు. ఎన్నిక కాని ఒక్క మనిషి ఇచ్చిన కాగితానికి ఉన్న బలం ఊరంతా కూర్చుని చేసిన తీర్మానానికి లేదన్నమాట. రాజ్యాంగంలో గ్రామసభకు చోటు దొరికి, 1993 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. మన రాష్ట్రమే 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం తెచ్చి గ్రామసభలు క్రమం తప్పకుండా జరపాలని గట్టిగా రాసుకుంది. చెత్తబుట్టలు, మొక్కలు, డంపింగ్ యార్డులు, వీటన్నిటికీ ఆ చట్టం కింద సర్పంచులను నిలదీస్తారు. మొక్క ఎండిపోతే సర్పంచికి నోటీసు వస్తుంది, గుట్ట పోతే మాత్రం ఆయన మాట అడిగేవాళ్లు లేరు.

మా పక్క నాగర్‌కర్నూల్ జిల్లాలో, నల్లమల షెడ్యూల్డ్ ప్రాంతంలో పరిస్థితి వేరు. షెడ్యూల్డ్ (గిరిజన) ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 పెసా చట్టం కింద అక్కడ చిన్న తరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు ముందుగా ఉండాలి. ఆ ఊళ్లకు ఆ హక్కు కాగితం మీదైనా ఉంది. మాకు అదీ లేదు. మేం మైదానం వాళ్లం కాబట్టి మా అభిప్రాయం ఉంటే బాగుంటుంది, లేకపోయినా నడుస్తుంది. ఈ తేడాను మీ ప్రభుత్వం ఒక్క జీవోతో తగ్గించగలదు. చిన్న తరహా ఖనిజాలకు నిబంధనలు రాసే అధికారం 1957 గనుల చట్టం 15వ సెక్షను కింద రాష్ట్రాలకే ఉంది, ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.

ఇక ఊరి మాట. ఊరంతా ఒక్క తాటి మీద ఉందని మీకు అబద్ధం చెప్పం. గ్రామసభలో గట్టి వాదనే జరిగింది.

కుర్రవాళ్లు కొందరు క్వారీ రావాలన్నారు. డిగ్రీ చదివి హైదరాబాద్‌లో డెలివరీ బండ్లు నడిపేకన్నా ఇంటి దగ్గర టిప్పర్ డ్రైవర్ పని దొరికితే చాలన్నది వాళ్ల వాదన. అది తేలిగ్గా తీసేయాల్సిన మాట కాదు. వాళ్ల తల్లులకు కూడా అదే ఆశ. కానీ చుట్టుపక్కల నడుస్తున్న క్రషర్లకు వెళ్లి చూసి వచ్చినవాళ్లు అదే సభలో లేచి చెప్పారు. మిషన్ల మీద, లోడింగ్ దగ్గర ఎక్కువ మంది ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లే. రేకుల షెడ్లలో ఉంటారు, దుమ్ములోనే తింటారు, దగ్గు ముదిరితే ఊరికి వెళ్లిపోతారు. మనవాళ్లకు మిగిలేది వాచ్‌మన్ పని, ఒకటి రెండు డ్రైవర్ ఉద్యోగాలు. కంపెనీ వాళ్లు నిజంగా ఊరివాళ్లకే పని ఇస్తామంటే ఎంతమందికి, ఏ జీతానికి అన్నది లీజు షరతుల్లో రాయించండి. నోటి మాటగా చెప్పిన ఉద్యోగాలు మేం చాలా చూశాం.

వడ్డెర పెద్దాయన ఒకాయన మాట్లాడింది మాత్రం ఎవరూ ఊహించలేదు. ఆయన క్వారీకీ ఒప్పుకోలేదు, గుట్టను అలాగే వదిలేయాలనీ అనలేదు. “మేము యాడాదికి తీసే రాయి వాళ్లు ఒక్క పేలుడుతో తీస్తరు. ఆ గుట్ట మా పిల్లల కాలం దాకా అన్నం పెట్టాలె” అన్నాడు. లీజు వస్తే ఆ కుటుంబాలకు గుట్ట మీద కాలు పెట్టే వీలు కూడా ఉండదు. వాళ్ల పేరు ఏ ఫైల్లోనూ లేదు, ఎందుకంటే వాళ్లకు ఎప్పుడూ లీజు లేదు.

గొర్లకాపరుల గోడు వేరు. వానాకాలం పంట చేలల్లో ఉన్నప్పుడు మందలకు మేత ఆ గుట్టే. సీతాఫలాల కాలంలో ఆడవాళ్లు తెల్లారకముందే గుట్టెక్కి గంపలకెత్తుకుని రోడ్డు మీద అమ్ముకుంటారు. పాలమూరు వైపు బాలానగర్ సీతాఫలానికి దేశమంతా పేరుంది, మా గుట్ట కాయకు పేరు లేదు గానీ దసరా ఖర్చులకు వచ్చేది దాని డబ్బే. ఇదంతా ప్రభుత్వ రికార్డులో ‘రాతి గుట్ట, సాగుకు పనికిరాని భూమి’.

ఇప్పుడు నీళ్ల సంగతి. మా వైపు వాళ్లం ఈ మాట ఎత్తకుండా ఉండలేం. ఫ్లోరైడ్ అంటే ఏమిటో మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. వంగిన నడుములు, వంకర కాళ్లు ప్రతి ఊళ్లో మిగిలే ఉన్నాయి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చు అని మన దేశపు ప్రమాణం. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరుందంటే మా బతుకు ఎలా గడిచిందో అర్థం చేసుకోవచ్చు. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఇంటికొచ్చాక తాగే నీటి కష్టం చాలా తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పైపు పగిలినా, కరెంటు పోయినా మళ్లీ బోరే దిక్కు. పశువులు తాగేది బోరు నీళ్లు, బత్తాయి తోటలకు పారేది బోరు నీళ్లు.

ఆ ఫ్లోరైడ్ వచ్చేది ఈ గ్రానైట్ రాయిలోంచే. నీళ్లు రాతి పగుళ్లలో ఎంతకాలం నిలిస్తే అంత ఎక్కువ పట్టుకుంటాయి. పై నీళ్లు ఉన్నంతకాలం మేలు, అవి పోయి లోతుకు వెళ్లే కొద్దీ చేటు. మా గుట్ట మీద పడ్డ వాన దక్షిణం వాలు మీదుగా కట్టుకాలువలో పడి కుంటకు చేరుతుంది. ఆ కుంట నిండిన ఏడు కింది బోర్లు వేసవి దాకా పోస్తాయి. నిండని ఏడు ఇంకో వంద ఫీట్లు దించాల్సిందే. దరఖాస్తుల మ్యాపులో క్వారీ, క్రషర్, లారీల రోడ్డు అన్నీ సరిగ్గా ఆ వాలు మీదే ఉన్నాయి. కట్టుకాలువ ఆ మ్యాపులో లేనే లేదు. మిషన్ కాకతీయలో చాలా ఊళ్ల చెరువులు, కుంటల పూడిక తీయడానికి ప్రభుత్వమే ఖర్చు పెట్టింది. ఇప్పుడు ఒక కుంటకు నీళ్లు వచ్చే దారిలో రాతిపొడి పోయడానికి అదే ప్రభుత్వం అనుమతి ఇస్తే ఏమనుకోవాలి? క్వారీ గుంత భూగర్భ జలం మట్టం కంటే కిందికి దిగితే ఊట గుంతలోకి మళ్లుతుంది, దాన్ని మోటారు పెట్టి తోడి పారబోస్తారు. ఎంత లోతు తవ్వుతారన్నది మూడు దరఖాస్తుల్లో మూడు రకాలుగా ఉంది. గుట్ట ఒకటే కదా సార్, అడుగున నీళ్లు కూడా ఒకటే.

పేలుళ్ల గురించి కొంచెం. గనుల నిబంధనల్లో బ్లాస్టింగ్ చోటు నుంచి 500 మీటర్లు ప్రమాద ప్రాంతం. ఆ పరిధిలో మనుషులు లేకుండా చూసుకున్నాకే పేల్చాలి. మా అంగన్‌వాడీ, ఎస్సీ కాలనీలో సగం, పదుల ఎకరాల పత్తి చేలు ఆ పరిధిలోకి వస్తాయి. అంటే పేల్చిన ప్రతిసారీ కూలీలు చేను దిగి పోవాలి, పిల్లల్ని బయటికి తేవాలి. ఆ గంట కూలి ఎవరిస్తారు? తవ్వుకునే హక్కు వాళ్లది, ఖాళీ చేసే బాధ్యత మాది అయింది. ఇక అదురు. గనుల భద్రత డైరెక్టరేట్ 1997లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం మామూలు ఇళ్ల దగ్గర నేల కంపనం, దాని ఫ్రీక్వెన్సీని బట్టి, సెకనుకు 5 నుంచి 15 మిల్లీమీటర్లు దాటకూడదు. అది కొలిచే యంత్రం ఎవరి దగ్గర ఉంటుంది? క్వారీ వాళ్ల దగ్గరే. ఐదు లక్షల ఇందిరమ్మ ఇల్లు మంజూరై, పైన ఇంకో మూడు లక్షలు అప్పు తెచ్చి గోడలు లేపుతున్న ఆడబిడ్డ ఒకామె అడిగింది: “పగులు వస్తే అది బ్లాస్టింగ్‌తో వచ్చిందని నేను ఎట్ల రుజువు చేయాలె?” సభలో ఎవరి దగ్గరా జవాబు లేదు. లీజు ఇచ్చే ముందే ప్రతి ఇంటినీ ఫొటోలతో సర్వే చేయించడం పెద్ద ఖర్చేమీ కాదు, అది కూడా ఎవరూ ప్రస్తావించలేదు.

దుమ్ము గురించి మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. క్రషర్‌కు నీళ్లు చల్లాలి, కన్వేయర్లు మూయాలి, చుట్టూ గోడ కట్టాలి అని కాలుష్య నియంత్రణ నిబంధనలు ఉన్నాయి. నడుస్తున్న క్రషర్లలో తనిఖీ ఉన్నరోజు నీళ్లు చల్లుతారు. బత్తాయి పూత మీద తెల్లటి పొడి పేరుకుంటే కాయ నిలవదు. పత్తి మీద పడితే మార్కెట్లో రేటు కోస్తారు. ఆ నష్టం ఏ అంచనాలోనూ రాదు.

రోడ్డు సంగతి ఒక్క వాక్యంలో ముగిస్తాం: ఆర్టీసీ బస్సు, ట్రాక్టర్ల కోసం వేసిన పంచాయతీరాజ్ రోడ్డు మీద కంకర టిప్పర్లు ఒక్క వానాకాలం తిరిగితే ఆ తర్వాత బస్సు రాదు.

డబ్బు ఆశ కూడా చూపించారు. సీనరేజి (తీసిన రాయి మీద ప్రభుత్వానికి కట్టే రుసుము) వస్తుంది, జిల్లా ఖనిజ నిధి ఉంటుంది, మీ ఊరు మారిపోతుంది అని ఒకాయన మా ఊరి హోటల్లో కూర్చుని గంటసేపు చెప్పాడు. 2015లో చట్టం మార్చి ఈ నిధి పెట్టింది గనుల వల్ల నష్టపోయిన వాళ్ల కోసమే. మరి మన జిల్లాలో ఇప్పటిదాకా వచ్చిన డబ్బులో క్వారీ ఉన్న ఊళ్లలో ఎంత పెట్టారు, జిల్లా కేంద్రంలో ఎంత పెట్టారు అన్నది ఊళ్లవారీగా పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించండి. అది చూశాక ఆ హోటల్ మాట నమ్మాలో వద్దో మేమే తేల్చుకుంటాం.

కాబట్టి మేము కోరేది చాలా చిన్నది. మూడు దరఖాస్తులను ఒకే క్లస్టర్‌గా చూడమని మీ శాఖకు చెప్పండి. అప్పుడు చట్టం ప్రకారం నడిచేదంతా దానంతటదే నడుస్తుంది. నివేదిక సారాంశం తెలుగులో వస్తుంది, 30 రోజుల ముందు నోటీసు వస్తుంది, కలెక్టర్ గారో ఆయన తరఫు అధికారో ఊరి దగ్గరే కూర్చుని అందరి మాటా వింటారు, వీడియో తీస్తారు, చివర్లో రాసుకున్నది చదివి వినిపిస్తారు. క్వారీ కావాలనే మా కుర్రవాళ్లు కూడా అక్కడే చెప్పుకుంటారు. ఆ లోపు సర్పంచి లేని కాలంలో ఇచ్చిన ఎన్‌ఓసీని పక్కన పెట్టి, ఇప్పటి పంచాయతీ తీర్మానాన్ని ఫైల్లో చేర్చమనండి. చేర్చడం కుదరదంటే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా, తెలుగులో చెప్పించండి. సోమవారం ప్రజావాణిలో ఇచ్చిన అర్జీలకు ఇప్పటిదాకా వచ్చిన జవాబు ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ అన్న మెసేజ్ ఒక్కటే. ఆ సంబంధిత శాఖ మీది, అందుకే నేరుగా మీకే రాస్తున్నాం.

స్థల పరిశీలనకు అధికారులు మళ్లీ వస్తే ఒకరోజు ముందు సర్పంచికి కబురు పెట్టమనండి. పోయినసారి జీపు గుట్ట ఉత్తరం వైపు, రోడ్డు మీదే ఆగి తిరిగి వెళ్లిపోయింది. కట్టుకాలువ దక్షిణం వైపు ఉంది, అక్కడికి జీపు పోదు, నడవాలి. దారి చూపడానికి మా గొర్లకాపరులు వస్తామన్నారు. ఉదయం తొమ్మిదిలోపు అయితే వాళ్లు మందతో గుట్ట మీదే ఉంటారు.

ఇట్లు,
గ్రామస్తుల తరఫున
ఒక బత్తాయి రైతు,
నల్లగొండ జిల్లా